ఎదురుకాళ్ళ మనిషి

ఇరవయ్యేళ్ళ కిందట యానాం బస్టాండులో నడుం పట్టేసి, బస్సు మెట్టెక్కలేక నిలబడిపోయాను. ఫిజియోథెరపిస్టునైన నాకే ఈ గతి పట్టిందని ఒళ్ళు మండిపోయింది.

"నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని బాబూ, ఒక్కటి తంతే పోద్ది" అంది పక్కనున్న ముసలమ్మ, చేపలబుట్ట దించుతూ. వద్దన్నా వినకుండా నన్ను బెంచీ మీద బోర్లా పడుకోబెట్టి, మడమతో ఒక్కటి తన్నింది. వెన్ను టక్కుమంది. లేచి నిలబడ్డాను!

అది ఇంకా చిరాకు. "ఇందులో నీ పుట్టుక మహిమేం లేదమ్మా! వెన్నుపూస కదిలితే నరాలకి కబురెళ్ళి, బిగిసిన కండ కాసేపు వదులుతుంది. ఎవరు తన్నినా ఒకటే!" అని అరిచాను.

"ఎవరైనా పర్లేదా?" అంటూ ఆమె బెంచీ మీద బోర్లా పడుకుంది. "అయితే కానియ్ బాబూ. నలభై ఏళ్ళుగా ఊరందర్నీ తంతన్నాను. నా నడుం పట్టేస్తే తన్నడానికి ఎదురుకాళ్ళోళ్ళు ఒక్కళ్ళూ దొరకలేదు."

ఆ బస్సు నేను ఎక్కలేదు.