తూములు ఎత్తించిన కాగితం

నరసాపురంలో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చిన కొత్తల్లో, తెర మీద ఒక్క బొమ్మ పూర్తిగా దిగేలోగా దాళ్వా పంట కోసి కుప్ప వేసెయ్యొచ్చు. ముందు నుదురు వచ్చేది. ముక్కు దాకా వచ్చేసరికి కరెంటు పోయేది. అలాంటి చోట మా అక్క మొగుడు, అంటే మా బావ, మధ్యాహ్నమంతా చెమటకి తడిసిన చొక్కా పిండుకుంటూ కూర్చున్నాడు. ఆయన రొయ్యల చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలింది.

బావకి ఉన్నదల్లా ఆ చెరువే. వరిచేను తవ్వించి ఉప్పునీళ్లు పెట్టించాడు కాబట్టి ఆ నేలలో ఇక గడ్డి కూడా మొలవదు. ఈ పంట పోతే వెనక్కి వెళ్లడానికి చేను లేదు.

అంతకుముందే మత్స్యశాఖ ఆఫీసరు స్కూటరు మీద వచ్చి చూసి, నీళ్లు బయటికి వదలొద్దన్నాడు, తూము మూసి ఉంచమన్నాడు. మందేంటని బావ అడిగితే, ఇప్పటికైతే తెలియదండి అన్నాడు.

"తెలియదని చెప్పడానికి అంత చదువెందుకురా?" అన్నాడు బావ నాతో.

ఇంటర్నెట్‌కి ఆ మొహమాటం లేదు. అందులో ఎవరో విదేశీయుడు ఇంటి వెనక సిమెంటు తొట్టెలో రొయ్యలు పెంచుతున్నాడట. అవి నీరసపడితే రోజూ నీళ్లు మార్చాడట, లేడిపిల్లల్లా గెంతాయట. కింద పదిమంది అతన్ని మెచ్చుకున్నారు. సెంటరాయన చదివి అర్థం చెప్పాడు. ఫొటోలో రొయ్య సగమే దిగింది గానీ, మీసాలు మాత్రం తెర దాటి వీధిలోకి వచ్చేలా ఉన్నాయి. బావకి ఆ మీసాలు చాలు, ఆ పేజీ కాగితం మీద ప్రింటు తీయించుకున్నాడు.

కాగితం ఊళ్లోకి రాగానే జిరాక్సులైంది. జిరాక్సుకి జిరాక్సు తీసేసరికి రొయ్య కాస్తా గేదెలా తయారైంది. మేత కొట్టులో అంటించారు, టీ బడ్డీలో అంటించారు. ఆంజనేయస్వామి గుళ్లో అంటించబోతే పూజారిగారు ఒప్పుకోలేదు.

ఆ విదేశీయుడిది ఒక్క తొట్టె. మా చెరువులన్నిటికీ డ్రైను కాలవ ఒక్కటే. అందరి తూములూ అందులోకే వదులుతాయి, అందరి ఇంజన్లూ అందులోంచే తోడతాయి. మర్నాడు తెల్లారేసరికి ఊరంతా తూములెత్తి, ఊరంతా ఇంజన్లు వేసింది. పండక్కి గారెలు పంచుకున్నట్టు ఒకరి తెగులు ఒకరు పంచుకున్నారు. ఆఫీసరు గట్ల వెంట స్కూటరు నడుపుకుంటూ అరిచాడు. నోరు కదలడం కనబడింది గానీ, ఇంజన్ల హోరులో మాట వినబడలేదు. కొందరు చెయ్యెత్తి నమస్కారం పెట్టారు కూడా.

వారం తిరక్కుండా రొయ్యలు గట్లకి వచ్చి పడ్డాయి. కాకులు తిని తిని ఎగరలేక నడిచి వెళ్లేవి. మా అక్క గంపలతో ఎత్తి గోతిలో పోసి, సున్నం చల్లి, కంపు పట్టిన చేతులు కడుక్కోవడానికి చూస్తే, దగ్గర్లో ఉన్నది ఆ డ్రైను నీళ్లే. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

చెరువు ఎండగట్టి, అడుగున కూడా సున్నం చల్లిన తరవాత అవతలి మండలం నుంచి ఒక రైతు బావని వెతుక్కుంటూ వచ్చాడు, జేబులో గేదెలాంటి రొయ్య ఉన్న కాగితంతో. ముందు తెచ్చింది మీరేనటగా, వివరం చెప్పండి అన్నాడు.

"నాది పోయిందండి. ఈ డ్రైను మీద అందరిదీ పోయింది," అన్నాడు బావ.

ఆ రైతు నొచ్చుకున్నాడు. "మీరు మార్చడం ఆలస్యం అయ్యుంటదండి. ప్రపంచమంతా చూసే దాంట్లో అబద్ధం ఎందుకు రాస్తారు?"

బావ అతన్ని చెయ్యి పట్టుకుని చెరువు దగ్గరికి లాక్కెళ్లాడు. అడుగు నెర్రెలిచ్చి, ఉప్పు పేరి, సున్నంతో తెల్లగా ఉంది. ఆయన చాలాసేపు చూశాడు. అర్థమైందనే అనుకున్నాం.

"ఎన్ని ఇంజన్లు పెట్టారండి?" అన్నాడు.

బావ చెయ్యి వదిలేశాడు. ఆయన కాగితం నలగకుండా మడిచి జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.