ఉత్తచేతి దిష్టి

మొన్నమొన్నటి దాకా శనివారం సాయంత్రాలు ఐర్లండ్ కుర్రాడొకడు ఫోన్‌లో గోల్ కొట్టేవాడు. కొట్టగానే మైదానం మూలకు పరుగెత్తి, కుడి పిడికిలి బిగించి, తల చుట్టూ మూడుసార్లు తిప్పి, అందులో ఏదో ఉన్నట్టు నేల మీదికి విసిరేసి, పక్కకు తిరిగి తూ అని ఊసేవాడు. వేలమంది తెల్లవాళ్లు లేచి నిలబడి అదే చేసేవారు. చంటిబిడ్డల్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్న తండ్రులు కూడా. దానికి ఇసుక తుఫాను అని పేరు పెట్టారు. కువైట్‌లో పెరిగిన పిల్లవాడు కదా, అక్కడి ఇసుక సుడి తిరిగినట్టు చెయ్యి తిప్పుతాడని పేపర్లలో రాశారు.

అది ఇసుకా కాదు, తుఫానూ కాదు. అది దిష్టి. వాడికి తీసినదాన్ని నేను. ఈ ఒక్క మాట వాడి నోటి నుంచి పదిమందిలో వినాలని నాకు ఆశ ఉండేది. అంతకు మించి వాడి దగ్గర నాకేమీ అక్కర్లేదు.

వాడి ఇంటివాళ్లు కువైట్‌లో సల్వా అనే పేటలో ఉండేవారు. భార్యాభర్తలిద్దరూ ఇంగ్లీషు బడిలో టీచర్లు. నన్ను ఇంటిపనికి పెట్టుకుని, నా ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, వాళ్ల పేరు మీదే కొట్టించారు. అంతకుముందు కువైటీ ఇళ్లలో చేసినదాన్ని కాబట్టి ఇంటావిడను మామా అనడం అలవాటు. ఈవిడ వద్దంది, పేరు పెట్టి పిలవమంది. ఆ పేరు నాకు నోరు తిరగలేదు. మేడం అన్నాను. పిల్లవాడికి అప్పుడు రెండేళ్లు. పై అంతస్తులో డ్రైవర్‌గా చేసే రాయచోటి తమ్ముడు నన్ను అక్కా అని పిలుస్తుంటే విని వీడూ అక్కా అన్నాడు. ఫోర్కుతోనే తినాలని మేడం రూలు. మేడం బడికెళ్లాక రూలు నాది. పప్పన్నం కలిపి ముద్దలు చేసి పెడితే పిచ్చుకపిల్లలాగా నోరు తెరిచేవాడు. మా ఊళ్లో నా కూతురికి ముద్దలు పెట్టేది మా అత్త.

బిల్డింగు వెనక కార్లు నిలిపే ఖాళీ జాగా ఉండేది. ఎండ తగ్గాక అక్కడికి రకరకాల దేశాల పిల్లలు దిగేవారు. వాడికి ఆరేళ్లు వచ్చేసరికి తనకంటే రెండింతలున్న పిల్లల్ని కూడా దాటుకుని బంతి తీసుకుపోయేవాడు. ఎర్రజుట్టు, మీగడ రంగు ఒళ్లు. గోడవారన నిలబడ్డ ఆయాలూ డ్రైవర్లూ నోళ్లు తెరుచుకుని చూసేవారు. అంతమంది కళ్లు ఒక పసివాడి మీద పడితే ఏమవుతుంది? ఒకరోజు ఆడి వచ్చి అన్నం ముట్టలేదు. ఒళ్లు కాలిపోయింది.

ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట్లో పట్టుకుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అనుకుంటూ దిగదుడిచి, స్టవ్ మీద వేశాను. మామూలుగా మిరపకాయ కాలితే దగ్గుతో చచ్చిపోతాం. దిష్టి తగిలి ఉంటే మాత్రం ఆ కోరు, గొంతు పట్టే ఘాటు, రాదు. ఆ రోజు నిజంగానే కోరు రాలేదు. పొగ మాత్రం వచ్చింది. కప్పు కింది అలారం కూసింది. ఆరు అంతస్తుల జనం మెట్లు దిగి వీధిలో నిలబడ్డారు, కొందరు తువ్వాళ్లతో. మేడం మొహం వాడి జుట్టు కంటే ఎర్రబడింది. ఈ మంత్రాలు నా ఇంట్లో ఇంకోసారి చేస్తే నిన్ను పంపించేస్తాను అంది. తెల్లారేసరికి పిల్లవాడికి జ్వరం లేదు. ఆ సంగతి ఎవరూ మాట్లాడలేదు.

అప్పటి నుంచి ఉప్పూ మిరపకాయలూ మానేశాను. ఉత్త పిడికిలే. మా జేజి, అదే మా నాయనమ్మ, చెప్పిన మాట నాకు ధైర్యం. "చేతిలో ఏముండాది అని కాదు మ్మే, తీసే మనిసికి ఆ బిడ్డ మీద పానముండల్ల. ఎవురి దిష్టి వాళ్లు తీసుకుంటే పోదు" అనేది. ఆటకు దిగేముందు వాడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి తల వంచేవాడు. నేను మూడుసార్లు తిప్పి, నేల మీదికి విదిలించి, తూ అని ఊసేదాన్ని. గోల్ కొట్టినప్పుడు గోడ వైపు చూసేవాడు. నేను దూరం నుంచే చెయ్యి తిప్పితే వాడూ తిప్పేవాడు. ఆ జాగాలో అది మా ఇద్దరికే తెలిసిన ఆట.

వాళ్ల నాన్న సంగతి కూడా చెప్పాలి. మంచివాడే, గట్టిగా మాట్లాడి ఎరగడు. కానీ ఆ జాగాలోకి దిగి కొడుకు ఆట చూసిన పాపాన పోలేదు. ఇంటికి రాగానే ఏసీ కింద సోఫాలో ఒరిగిపోయేవాడు.

ఒకసారి బంతి తగిలి కింది కువైటీ పెద్దాయన కారు అద్దం పగిలింది. పెద్దాయన పాదాల దాకా ఉండే దిష్‌దాషా చొక్కా ఎగ్గట్టుకుని కిందికొచ్చాడు. పిల్లలందరూ మాయమయ్యారు. వీడు మాత్రం కదల్లేక నిలబడిపోయి, తల కొంచెం వంచి, కళ్లు మాత్రం పైకెత్తి నా వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పు అక్కా అన్నట్టుంది ఆ చూపు. నా బకెట్టు తగిలింది బాబా, అన్నాను. ఆయన తిట్టిన తిట్లు సగం అర్థం కాలేదు, అర్థమైన సగమే చాలింది. ఆ చూపుకు నేను ఎప్పుడూ లొంగిపోయేదాన్ని.

వాడికి పన్నెండేళ్లప్పుడు వాళ్లు కువైట్‌లో ఖలాస్ చేసుకుని వెళ్లిపోయారు. నాకు వేరే ఇంటికి మారేందుకు రిలీజ్ కాగితం ఇచ్చి రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో పెట్టించారు. టాక్సీ దగ్గర వాడు తల వంచాడు. నేను చెయ్యి తిప్పాను. మేడం చూసి కూడా ఏమీ అనలేదు.

తర్వాత వాడి కబుర్లన్నీ రాయచోటి తమ్ముడు మోసుకొచ్చేవాడు. అతనికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. వాళ్ల దేశంలో పెద్ద పిల్లల టీములో ఆడుతున్నాడనీ, గోల్ కొట్టడమే పనిగా అందరికంటే ముందుండేవాణ్ణి ఫార్వర్డ్ అంటారనీ చెప్పాడు. పద్దెనిమిది నిండగానే ఇంగ్లాండులో పెద్ద టీము తీసుకుందన్నాడు. కొన్నాళ్లకు తమ్ముడే దిగులుగా ఫోన్ చేశాడు.

"అక్కా, మనోన్ని లోనుకిచ్చేసినారంట."

"లోనుకా? మనిసిని లోనుకిచ్చేదేంది?"

"పెద్ద టీములో తావు ల్యాకపోతే చిన్న టీముకు కొన్నాళ్లు ఇస్తారుక్కా. ఆడ ఆడల్ల. వీళ్లు మళ్లా పిలిస్తే రావల్ల."

"అంటే మా మామా రంజాన్ నెలలో నన్ను వాళ్ల చెల్లెలింటికి పంపిస్తాదే, అట్లనా?"

"అచ్చం అట్లనే అక్కా."

ఆ రోజు వాడి మీద జాలేసింది. తెల్లవాడైనా, ముందు నిలబడి గోల్ కొట్టేవాడైనా, మీద ఒక కఫీల్, మన వీసా గుప్పిట్లో ఉంచుకునే యజమాని, ఉంటాడన్నమాట.

ఆ చిన్న టీములోనే వాడు మొదటి గోల్ కొట్టాడు. తమ్ముడు ఆ వీడియో పంపినప్పుడు నేను మచ్‌బూస్ అనే మాంసం అన్నానికి ఉల్లిపాయలు వేయిస్తున్నాను. వాడు మూలకు పరుగెత్తడం చూశాను. పిడికిలి తల చుట్టూ తిరగడం చూశాను. ఉల్లిపాయలు మాడిపోయాయి. మామా వచ్చి కేకలేస్తుంటే నేను నవ్వుతూ నిలబడ్డాను. ఎన్ని సంవత్సరాలు ఆ గోడవారన నిలబడ్డానో అన్నీ ఒక్క నిమిషంలో చేతికి వచ్చినట్టయింది. కువైట్‌లో మనవాళ్ల ఫోన్లన్నిటికీ ఆ వీడియో పాకింది. ఇదేందబ్బా, దొర మన దిష్టి తీసుకుంటాండాడు అని నవ్వుకున్నారు. అది నాదే అని చెబితే కొందరు నమ్మారు, కొందరు ముసిముసిగా నవ్వారు.

ఆ తర్వాత ఇంటర్వ్యూ వచ్చింది. ఆ చెయ్యి తిప్పడం ఏమిటని అడిగారు. చిన్నప్పుడు కువైట్‌లో నేనూ నాన్నా కలిసి కనిపెట్టాం, అక్కడి ఇసుక తుఫాను గుర్తు అన్నాడు. పక్కన సోఫాలో నాన్న తల ఊపాడు. సోఫా మారింది, మనిషి మారలేదు. తమ్ముడు మాట మాటా తెలుగు చేసి చెప్పి, "మర్చిపోయింటాడులేక్కా, పిల్లోడు" అన్నాడు. నేనూ అదే అనుకోవాలని చూశాను. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు కాదని పెద్దలు ఊరికే అన్నారా? కన్నవాళ్లకే ఆ మాట చెబితే, జీతానికి పెంచినదాన్ని, నాకెంత చెప్పాలి!

మర్చిపోయాడనుకోవడంలో ఒక సుఖం ఉంది. ఎగైలా మాల్‌కి వెళ్లేదాకా ఆ సుఖం మిగిలింది.

వాడి బొమ్మ వేసిన బట్టల దుకాణం అక్కడ తెరుస్తున్నారనీ, వాడే వస్తున్నాడనీ తెలిసింది. పిడికిలి తల చుట్టూ తిరుగుతున్నట్టు నల్లటి నీడబొమ్మ, కింద ఇంగ్లీషులో ఇసుక తుఫాను అని అక్షరాలు. సొమ్మొకడిది, సోకొకడిది. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? అన్ని కళ్లు వాడి మీద పడతాయి కదా అని, చున్నీ కొంగులో ఉప్పూ మిరపకాయలూ ముడేసుకుని మరీ, శుక్రవారం తమ్ముడి కారులో వెళ్లాను.

జనం కిక్కిరిసి ఉన్నారు. వేదిక మీద మైకు పట్టుకున్నవాడు ఎగురుతున్నాడు. మేడం వేదిక పక్కనుంచి నన్ను చూసి, పరుగున వచ్చి కౌగిలించుకుంది. చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లింది. వాడు గడ్డంతో, నాకంటే అడుగు ఎత్తున ఉన్నాడు. చూడగానే "అక్కా!" అన్నాడు. వెంటనే, ఎవరూ చెప్పకుండా, తల వంచాడు.

తల వంచాడు. అంటే వాడికి అంతా గుర్తుంది.

నా చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్లింది. ఇంతలో మైకువాడు మధ్యలోకి వచ్చి ఎవరీమె అని అడిగాడు. వాడు గబుక్కున తలెత్తి, "మా ఇంట్లో శుభ్రం చేసేది. అమ్మకు చాలా సాయంగా ఉండేది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మైకువాడు మైకు నా నోటి దగ్గర పెట్టి, ఇసుక తుఫాను ఈయన చిన్నప్పుడు కూడా చేసేవాడా అని హిందీలో అడిగాడు.

వాడి వైపు చూశాను. తల కొంచెం వంచి, కళ్లు మాత్రం పైకెత్తి నన్ను చూస్తున్నాడు. కారు అద్దం నాటి చూపే. ఏదో ఒకటి చెప్పు అక్కా.

"హా జీ. రేత్ బహుత్ ఆతా థా" అన్నాను. ఇసుక బాగా వచ్చేది అని. అందరూ నవ్వారు. పిల్లలందరూ చేతులు తిప్పారు. వాడు ఊపిరి వదలడం నాకు వినిపించింది. పోయేటప్పుడు ఒక టీషర్టు మీద సంతకం చేసి నా చేతిలో పెట్టాడు.

కారులో తమ్ముడు మండిపడ్డాడు. "మైకు నోటికాడికొస్తే యాల గమ్మునుండిపోతివి అక్కా? నీది అని చెప్పుంటే ఏం పోయుండు?"

"వాని మొగం పోయుండు."

"నీ మొగం పోలేదా మరి?"

కొంగులో మిరపకాయలు ఆ రాత్రి పప్పు తాలింపులో వేశాను. టీషర్టును వంటింట్లో మసిగుడ్డ చేశాను. గుడ్డ మాత్రం గట్టిది, ఎంత వేడి గిన్నె అయినా పట్టుకోవచ్చు.

కిందటి నెల వాడు ఆటలో పడ్డాడు. ఎవరూ తగలకుండానే, ఉత్తపుణ్యానికి, పరుగెత్తుతూ మోకాలు మెలిపడిపోయింది. స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. రెండు రోజులకు మధ్యాహ్నం మేడం దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. ఎగైలాలో నా నంబరు తీసుకున్నా, అంతకుముందు ఒక్క ముక్క రాయలేదు. రేపు ఆపరేషన్, మళ్లీ ఆడగలడో లేదో డాక్టర్లు చెప్పడం లేదు, వాడు చాలా భయపడుతున్నాడు అని రాసింది. "నువ్వు వాడికి చిన్నప్పుడు చెయ్యి తిప్పి చేసేదానివి కదా, అది ఒకసారి చెయ్యమని నిన్ను అడగమన్నాడు. వీడియోలో అయినా సరే. దయచేసి."

నువ్వు చేసేదానివి కదా. నేను ఇన్నేళ్లూ వినాలనుకున్న మాట అదే. చెప్పారు, ఎవరూ వినని చోట, వాళ్లకు అవసరం పడ్డాక. నాన్నా కొడుకూ కలిసి కనిపెట్టిన తుఫాను ఇంట్లోనే ఉంది కదా, నాన్ననే తిప్పమనొచ్చు. తిప్పితే పోదని వాళ్లకూ తెలుసు.

స్టవ్ మీద టీ మరుగుతోంది. నేను మెల్లగా, నాకు వచ్చిన ఇంగ్లీషులో టైపు చేశాను. "మేడం, అది ఇసుక తుఫాను. ఇసుక తుఫానును మనుషులు తెప్పించలేరు."

రెండు గీతలూ నీలం అయ్యాయి. మేడం ఏదో రాస్తున్నట్టు కాసేపు చూపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

లోపల నుంచి మామా "యల్లా, చాయ్!" అని కేకేసింది. ఫోన్ బోర్లా పెట్టి, ఎడంచేత్తోనే గ్లాసులు ట్రేలో సర్ది, రెండు చేతులా ఎత్తబోయాను. ట్రే పట్టు దొరకలేదు. నా కుడిచెయ్యి ఎప్పటి నుంచో పిడికిలి బిగించే ఉంది. ఒక్కొక్క వేలూ విప్పుకుని ట్రే పట్టుకున్నాను.