అందరికీ వెళ్లిపోయిన మెసేజ్

మాది బండారులంక. మావారు నేసిన చీరలు ఫోన్‌లో అమ్ముతుంటాను. మెసేజ్‌లు, ఆర్డర్లు, కొరియర్ బుకింగ్ చూసుకోవడానికి మా అమ్మాయి నా ఫోన్‌లో ఒక ఏఐ అసిస్టెంట్‌ని పెట్టింది.

పోయిన వానాకాలంలో మావారికి గుండె ఆపరేషన్ చేయాలన్నారు. “ఎవరికీ చెప్పకు, దూరాన ఉన్న అమ్మాయికి కూడా. జాలి పడితే తట్టుకోలేను” అన్నారాయన.

కాకినాడ ఆసుపత్రి వరండాలో కూర్చుని, చీరలు ఆలస్యమవుతాయని కస్టమర్లందరికీ రాయమని ఏఐకి చెప్పాను. అది మా చెల్లికొక్కదానికే నేను గుట్టుగా పెట్టిన మెసేజ్‌లు చదివి కారణం కూడా కలిపేసింది. “మావారికి కాకినాడలో గుండె ఆపరేషన్. మగ్గం ఆగిపోయింది. ఒక్కదాన్నే ఉన్నాను, భయంగా ఉంది.” ఆసుపత్రి పేరుతో సహా అందరికీ వెళ్లిపోయింది! సిగ్గుతో చచ్చిపోయాను.

“చీరకేం తొందరండీ, ముందు ఆయన్ని చూసుకోండి” అంటూ జవాబులు మొదలయ్యాయి. ఆ ఊళ్లోనే ఉండే ఒక కస్టమర్, నేనెన్నడూ చూడని ఆవిడ, సాయంత్రం క్యారేజీతో వచ్చారు. “ఒక్కరే ఉన్నారని వచ్చేనండీ. ముందు తినండి.”

ఆపరేషన్ బాగా జరిగింది. ఆయన కోలుకున్నాక భయపడుతూనే ఫోన్ చేతికిచ్చాను. అన్నీ చదివి, “మనకి ఇంతమంది ఉన్నారా?” అని కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు నాకు చూపించకుండా ఏదీ పంపొద్దని ఏఐకి చెప్పాను. ఆ రోజు చూపించి ఉంటే పంపనిచ్చేదాన్ని కాదు. ఆవిడ చేతి అన్నం తినేదాన్నీ కాదు.