ఉత్తి గోలీ సంగతి

యాదగిరి గారి అంగీకార పత్రంలో 'అర్థమయ్యేలా వివరించాను' అన్న గడి కింద నా సంతకం ఉంది. అది నిజం కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చిన కొత్తలో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేరాను. కొత్త మందు పరీక్షకు వచ్చేవాళ్లకు పత్రం చదివి చెప్పడం, వాళ్ల అంగీకారాన్ని వీడియో తీయించడం నా పని. అప్పటి పరీక్ష, షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకు ఇచ్చే ఒక మాత్ర మీద. సగం మందికి అసలు మందు, మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్తి మాత్ర. ఎవరికి ఏది అందిందో ఆరు నెలల తర్వాత కోడ్ తెరిచేదాకా డాక్టరుకూ తెలియదు. అందాకా నరాలకు వేరే మందు వాడకూడదు.

పరీక్షలు ఉచితమని కొందరు వచ్చేవారు, డాక్టరు తీరిగ్గా మాట్లాడతారని కొందరు. తనకు కాకపోయినా తర్వాతివాళ్లకు పనికొస్తుందని సైదాబాద్ నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. పోచంపల్లిలో నేత నేసి, ఎల్బీనగర్ చీరల దుకాణంలో పనికి కుదిరిన యాదగిరి గారి కారణం వేరు.

"మగ్గం గుంటల కూసుంటే కాలికింద తొక్కే పలక ఉన్నదో లేదో తెలుస్తలేదు సారూ. తమ్ముని మగ్గం ఖాళీగనే ఉన్నది. కాళ్లు మంచిగైతే ఒక్క చీర నేసి చూపిస్త," అన్నారు.

కెమెరా ముందు తడబడితే మళ్లీ తీయాలి. అందుకని జవాబులు ముందే ఒకసారి చెప్పించడం మాకు అలవాటు. అప్పుడే ఆయన, "నాకైతే అసలు గోలీనే ఇస్తరు గద?" అని అడిగారు. అక్కడ ఆగి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఆ వారం చేర్చుకోవాల్సినవాళ్లు ఇంకా మిగిలారు.

"డాక్టరు గారున్నారు కదండీ, మీకెందుకు?" అన్నాను.

వీడియోలో నేను నేర్పినట్టే చెప్పారు. కెమెరా ఆపాక, "బడిల పద్యం లెక్క ఒప్పజెప్పిన. పాసేనా?" అని నవ్వారు. నేనూ నవ్వాను.

మూడో నెలలో దుకాణం సేటు ఆయన్ను మలక్‌పేటలో నరాల డాక్టరుకు చూపించాడు. అక్కడ రాసిన మందు కొనకుండా చీటీ తెచ్చి నా చేతిలో పెట్టారు. "మీ గోలీ ఉండంగ గిదెందుకు?" పరీక్ష నుంచి ఎప్పుడైనా తప్పుకోవచ్చని పత్రంలోనే ఉంది. తప్పుకుని ఆ మందు వాడుకోవచ్చని అప్పుడైనా చెప్పలేదు. చీటీ ఫైల్లో పెట్టాను.

కోడ్ తెరిచారు. ఆయనది ఉత్తి మాత్ర. అప్పటికి మొద్దుబారడం పిక్కల దాకా పాకింది. ఆ చీటీ మందు వాడి ఉంటే ఆగేదో లేదో నాకు తెలియదు. మనిషి ఏ ఆశతో వచ్చాడో వినకపోతే, దేనికి ఒప్పుకున్నాడో కూడా తెలియదని మాత్రం తెలిసింది.

ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాక, ఆ చీరల దుకాణానికి వెళ్లి యాదగిరి గారికి అంతా చెప్పాను. ఆయన చేతిలోని చీర మడత పూర్తి చేశారు.

"చెప్తే పరీక్షల ఉంటుంటినో, పోతుంటినో. గది నేను అనుకోవాలె గద సారూ."

"ఆ అవకాశం మీకు ఇవ్వలేదు. తప్పు నాది. క్షమించండి యాదగిరి గారూ," అన్నాను.