రేవు నోరు మూయించిన పూట

నాలుగేళ్ల కిందట, ఫిబ్రవరి నెలలో, విశాఖపట్నంలోనే తీస్తున్న ఒక వెబ్ సిరీస్‌కి నన్ను సౌండ్ రికార్డిస్టుగా పెట్టుకున్నారు. నా ఉద్యోగంలో అదే ఆఖరి పని. ఆ పనిలో ఉండగానే నేను విశాఖపట్నం రేవు నోరు ఒక పూటంతా మూయించాను. ఓడలు కూత వేయలేదు. గూడ్సు బళ్లు కదల్లేదు. క్రేన్లు ఎత్తిన బరువు ఎత్తినట్టే పట్టుకుని నా చేతి సైగ కోసం చూశాయి. ద్వారకా నగర్‌లో టీ కొట్టు దగ్గర ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఒక్కో క్రేను పెరుగుతూ వచ్చింది. అచ్చులోకి వెళ్లే మాట కనక ఇప్పుడు కాస్త తగ్గించక తప్పదు.

మా పని తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. మన సినిమాల్లో షూటింగ్ జరిగే చోట పట్టే మాటని గైడ్ ట్రాక్ అంటారు. తర్వాత నటుడు డబ్బింగ్ థియేటర్‌లో తెర చూస్తూ ఆ మాటలే మళ్లీ చెబుతాడు. పాతది చెరిపేస్తారు. నటుడు అందుబాటులో లేకపోతే ఇంకొకరి గొంతు పెడతారు. చెన్నైలో, హైదరాబాద్‌లో నేను చేసిన ఉద్యోగమంతా, ఒక్క ముక్కలో చెప్పాలంటే, చెరిపేయబోయే మాటల్ని శ్రద్ధగా పట్టడం. అక్కడికక్కడ పట్టిన మాటనే చివరిదాకా ఉంచితే దాన్ని సింక్ సౌండ్ అంటారు. దానికి చుట్టూ నిశ్శబ్దం కావాలి. మన ఊరికి వచ్చే యూనిట్లకు నిశ్శబ్దంతో పని ఉండేది కాదు. సముద్రం ముందు పాట తీసుకుని వెళ్లిపోయేవి.

దర్శకురాలు సౌజన్య మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇందులోకి దిగిన అమ్మాయి. కథ నుంచి ఆఖరి మిక్సింగ్ దాకా అంతా ఈ ఊళ్లోనే జరగాలని ఆమె పంతం. డబ్బు పెట్టిన ఓటీటీ సంస్థ హైదరాబాద్‌ది.

ఆ రోజు షూటింగ్ వన్‌టౌన్‌లో, సన్యాసిరావు సొంత ఇంట్లో. అతను సిటీ బస్సు కండక్టరుగా రిటైరైనవాడు, నాటకాల్లో నాకు పాత నేస్తం. సిరీస్‌లో అతనిది రేవులో సరుకు దింపే ముసలి కళాసీ వేషం. కూతురు మొదటిసారి ఉద్యోగానికి బయల్దేరుతుంటే, తన పాత పని గురించి నాలుగు మాటలు చెప్పి పంపిస్తాడు. అదీ సన్నివేశం.

అతని చొక్కా లోపల చిన్న మైకు పెట్టి హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకున్నాను. గరగరమని గీర వినిపించింది. కేబులు మార్చాను. గీర పోలేదు. మైకు మార్చాను. పోలేదు. మూడో కేబులు తీస్తుంటే సన్యాసిరావు నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఎన్ని మారుత్తావ్ బావా. ఆ గీర నా గొంతుకలోనే ఉన్నాది.”

గొంతులో గడ్డ అట. వచ్చే వారం ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. యూనిట్‌లో ఎవరికీ చెప్పలేదు.

“డబ్బింగుకి రాలేనని తెలిసే ఒప్పుకున్నావా?” అని అడిగాను.

“రాలేనంటే వేసం ఇత్తారేటి? ఒక్కపాలి నా గొంతుక సరిగ్గా పట్టీ బావా. కావాలంటే మొకం ఇంకెవుడిదైనా పెట్టుకోండి.”

ఈ సంగతి సౌజన్యకు చెప్పాను. ఆమె హైదరాబాద్‌కి ఫోన్ చేసింది. కంగారేమీ లేదు, మంచి డబ్బింగ్ ఆర్టిస్టు ఉన్నాడు, పైగా అందరికీ అర్థమయ్యే తెలుగులో చెబుతాడు అన్నారు అటువైపు. ఆమె గొంతు పెంచకుండా వాదించింది. చివరికి ఒప్పందం కుదిరింది. సాయంత్రంలోగా టేకు పంపాలి. మాట శుభ్రంగా ఉంటే ఉంచుతారు, మాట మీద బయటి చప్పుడు పడితే వేరే గొంతు పెడతారు. ఆ వాదన నేనే చేశానని కొన్నాళ్లు చెప్పుకున్నాను. నిజానికి అది జరుగుతున్నంతసేపూ నేను ఉప్మా తింటున్నాను.

ఇప్పుడు రేవు సంగతి. ఆ ఇంటి వెనక సందు దాటితే రేవు గోడే. ఓ గంట కూతలు ఆపించగలరా అని రేవు ఆఫీసులో తెలిసినాయనకి ఫోన్ చేశాను. ఓడలు మీ షాటు చూసుకుని రావండీ అని మర్యాదగా చెప్పి పెట్టేశాడు. అంటే రేవు నా మాట వినలేదు. క్రేన్లయితే అసలు నావైపు తిరగనైనా లేదు.

కానీ వీధిని ఆపాను. అది మాత్రం నిజం. పోలీస్ స్టేషన్ అనుమతి కాగితం ఉంది. టేకు జరిగే కాసేపు సందులో బళ్లు ఆపవచ్చు. చేతికి ఎర్ర జెండా. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్ కట్టేయించి నా స్కూటర్ తాళం ఫ్రిజ్‌లో పెట్టాను. మా సౌండ్ వాళ్లకు ఇది పాత అలవాటు. పని అయ్యాక ఫ్రిజ్ మళ్లీ వేయడం మర్చిపోతే ఇంటివాళ్ల కూరలు పాడవుతాయి. తాళం అందులో ఉంటే మర్చిపోయి ఇంటికి వెళ్లలేం.

మొదటి టేకులో పక్కింటి నీళ్ల మోటారు మోగింది. రెండో దాంట్లో ఎదురింట్లో మొగుడూ పెళ్లాం తగువు, దాని మీద టీవీ సీరియల్. సన్యాసిరావు గొంతు పలచబడిపోతోంది. గోరువెచ్చని నీళ్లు తాగి, ఇంకొక్కసారి చెప్పగలను అన్నట్టు వేలు చూపించాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న అతని భార్య రత్నాలు కొంగు బిగించుకుని గబగబా బయటికి వెళ్లిపోయింది. పాపం, చూడలేకపోయింది.

నేను సందు మొగలోకి నడిచాను. ఎర్ర జెండా ఎత్తి నిశ్శబ్దం అని ఒక్క కేక వేశాను. తిరిగి వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకునేసరికి వీధి వీధంతా అణిగిపోయింది. మోటారు లేదు, టీవీ లేదు, గ్రైండరు లేదు. రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఉద్యోగంలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

క్లాప్ కొట్టారు. సన్యాసిరావు మొదలుపెట్టాడు. ఆ గరగర వయసైన కళాసీ గొంతుకి సరిగ్గా అతికింది. ఇంకొక్క మాట మిగిలి ఉందనగా రేవులో ఓడ కూసింది. పొడుగాటి కూత. ఆపెయ్యమనడానికి సౌజన్య చెయ్యి లేచింది. అప్పటికే సన్యాసిరావు కిటికీ వైపు అరచెయ్యి చూపించాడు, ముసలావిడ దిగేదాకా బస్సు కదలనివ్వని కండక్టరులాగ. ఓడ కూసినంతసేపూ కూతురి పాత్ర వేసిన అమ్మాయి ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. కూత ఆగాక చెయ్యి దించాడు.

“ఇంక ఎల్లు. ఆలీసమైపోతంది.”

సౌజన్య కట్ చెప్పింది. నాకు మీటరులో ముల్లు సరిగ్గా కనబడలేదు. కళ్లద్దాలు తుడుచుకున్నాను.

సాయంత్రం హైదరాబాద్ నుంచి జవాబు వచ్చింది. మాట శుభ్రంగా ఉంది, అలాగే ఉంచండి. ఆ ఓడ కూత ఎఫెక్టు చాలా బాగుంది, ఏ సౌండ్ లైబ్రరీ నుంచి తీసుకున్నారు?

ఆపరేషన్ అయింది. సన్యాసిరావు బాగానే ఉన్నాడు, మాట లేదు. ఇప్పుడు మన ఊళ్లో తీసే సిరీస్‌ల్లో అతనికి మాటల్లేని వేషాలు వస్తున్నాయి. మాటలున్నవాళ్ల కంటే ఎక్కువే వస్తున్నాయి. ఆ పని నాకు నేర్పింది చిన్నదే. మాటని పుట్టిన చోటే పట్టి దాచుకునే పద్ధతి లేనంతకాలం ఒక ఊళ్లో షూటింగులు జరుగుతాయి గాని సినిమా పని వేరు పట్టదు. ఆ పద్ధతికి యంత్రాలతో పాటు, వీధిని నిలబెట్టగల మనిషి ఒకడు కావాలి.

ఇంతవరకూ రాసి వన్‌టౌన్ తీసుకెళ్లి భార్యాభర్తలిద్దరికీ చదివి వినిపించాను. సన్యాసిరావు భుజాలు ఊపుతూ చప్పుడు లేకుండా నవ్వాడు. నవ్వుతూ పెళ్లాం వైపు వేలు చూపించాడు. రత్నాలు రొయ్యలు వలుస్తోంది. తల ఎత్తలేదు.

“సూడలేక ఎల్లిపోనానని రాసినావేటి అన్నయ్యా? నాకేటి రోగం? ఇంటింటికీ ఎల్లి సెప్పినాను. ఆ ముసలాయన సెవులకి పెట్టుకున్న మిసన్లో మీ ఇంట్లో తగువులన్నీ పడిపోతన్నాయి, రేపు సినిమాలో ఊరంతా వింటాది అని. తలుపులేసీసుకుని కూకున్నారు అందరూ. ఈయన గొంతుక సంగతి మాత్రం ఎవులికీ సెప్పనేదు. సెప్తే ఏడుపులకొచ్చీసేవోలు, అదింకో గోల. నీ జెండాని ఎవులు సూసినారు?”