వంకర నాది, నలుపు నాది కాదు

మా ఎదురింటి మామ పోయిన నెలలో చనిపోయాడు. వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లంతా ఒకే మాట అన్నారు: "పాపం, చెయ్యి వణుకు పట్టినప్పుడే ఆయన పనితనం పోయింది." అది అబద్ధం. అబద్ధమని మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా తమిళ ఊరు తుడియలూరులో మామకు ఇంటి వెనకాలే ఒక షెడ్డు. కాలేజీ అయ్యాక నేను అక్కడే అల్యూమినియం వెల్డింగ్ నేర్చుకున్నాను. వెల్డింగ్ టార్చ్ పట్టుకునే ముందు ఆయన గడియారం విప్పి జేబులో వేసుకునేవాడు. అతుకు చల్లారేదాకా నోరు విప్పేవాడు కాదు. "వేడి మీద ఉండేదాన్ని పొగడొద్దు, తిట్టొద్దు" అనేవాడు. ఆయన వేసిన అతుకు బిగించి అల్లిన జడలా ఉండేది.

చివరి ఏడాది ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. పెరియకుళం మామిడితోట రైతు ఒకాయన మందు చల్లడానికి అల్యూమినియం ట్యాంకు చేసిమ్మన్నాడు. మొదటి అతుకే నల్లగా మసిబారి, మిరియాలు చల్లినట్టు చిల్లులతో వచ్చింది. మామ తమ్ముడు, మా చిన్నమామ, దాన్ని చూసి పెదవి విరిచాడు.

"అన్నా, ఇంక చాలు. నువ్వు ఇంట్లో కూర్చో. షెడ్డు బాడుగకిస్తాం."

"చెయ్యి వణుకుతుండాది, ఒప్పుకుంటా. వణికితే వంకర వస్తాది. నలుపెట్ల వస్తాది రా?"

చిన్నమామ బయటికి వెళ్లిపోయాడు. మామ నావైపు తిరిగి, "నలుపెట్ల వస్తాదో పట్టుకుందాం రా కణ్ణూ. ఒకేసారి రెండు మార్చొద్దు. మార్చినాక అప్పురం ఏది దొంగో తెలీకుండా పోతాది" అన్నాడు.

ముందు ఫ్యాను ఆపి తలుపు మూశాం, అతుకును కాపాడే గ్యాసును గాలి చెదరగొడుతోందేమోనని. నలుపే. తర్వాత గ్యాస్ సిలిండర్ మార్చాం. నలుపే. టార్చ్ కొనలోని టంగ్‌స్టన్ ముల్లు కొత్తగా సానబట్టాం. ఇనుముకు వాడిన బ్రష్షు తీసేసి అల్యూమినియానికని వేరే బ్రష్షు కొన్నాం. అతుకులో కరిగించి నింపే కడ్డీలు మార్చాం. ఊఁహూఁ. నలుపు వచ్చిన ప్రతిసారీ మామ మళ్లీ అతుకు వేసే ముందు పంతంగా రేకును ఇంకా గట్టిగా తుడిచేవాడు.

తుడిచేది బనియన్ గుడ్డతో. అవినాశి వైపు బనియన్ మిల్లుల నుంచి కత్తిరింపు పీలికలు మూటలుగా వస్తాయి. మా వైపు షెడ్లలో పంపు, చెయ్యి, నేల అన్నీ వాటితోనే తుడుస్తారు. పారేయడానికి మనసొప్పక కిరసనాయిల్లో జాడించి, ఆరేసి, మళ్లీ వాడతారు. ఒక సాయంత్రం మామ తుడుస్తూ తుడుస్తూ ఆగి, చేతిలోని పీలిక ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏంది మామా?"

"సుమ్మా ఉండు, మాట్లాడొద్దు" అని లేచి ఇంట్లోకి నడిచాడు. దండెం మీద ఆరేసిన తెల్ల తుండు లాక్కొచ్చాడు. వెనకాలే అత్త గొంతు: "అయ్యయ్యో, కొత్త తుండు! మసి తుడిచేదానికి అదే దొరికిందా?"

"ఇది నా మానం కాపాడే తుండు, పోవే!"

ఒక రేకులో సగం పాత పీలికతో తుడిచాడు. సగం ఆ తుండును జిడ్డు పోగొట్టే అసిటోన్‌లో ముంచి తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాడు. రెండింటి మీదా ఒకే అతుకు వేశాడు. పీలికలోని కిరసనాయిలు జిడ్డు అంటిన వైపు మసి. ఇంకోవైపు కడిగిన వెండిలా తళతళ. చల్లారాక చిన్నమామను పిలిపించి, వణికే వేలితోనే చూపించాడు.

"చూడు. వంకర నాది. నలుపు నాది కాదు."

"వంకరైతే ఉండాది కదన్నా."

"ఉంటాది. ట్యాంకు చేస్తా, నీళ్లు పోసి చూడు. ఒక్క చుక్క కారితే ఇంట్లో కూర్చుంటా."

నల్లబడిన అతుకులన్నీ కోసి పారేసి, మళ్లీ వేశాడు. నీళ్లు నింపి రాత్రంతా ఉంచాం. పొద్దున నేల పొడిగా ఉంది. ఆ తర్వాత షెడ్డు బాడుగ మాట ఎవరూ ఎత్తలేదు. మామ కూర్చోనూ లేదు, ఆ వారంలోనే నిద్రలో పోయేదాకా.

కర్మ అయ్యాక ట్యాంకు కోసం రైతు బండి వచ్చింది. చిన్నమామ గ్రైండర్ చేతికి తీసుకున్నాడు. "వంకరలు అరగదీసి పంపుతాం. చూసేవాళ్లు నవ్వుతారు."

నేను వెళ్లి ప్లగ్గు పీకేశాను. "నవ్వనీ చిన్నమామా. అరగదీస్తే అతుకు పలచనవుతాది. ఆయన వేసింది వేసినట్టే పోనీ."

చిన్నమామ గ్రైండర్ కింద పెట్టాడు. తనే ట్యాంకుకు తాడు కట్టాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఆ అతుకు వంకర్లు పోతూ తెల్లగా మెరుస్తూనే ఉంది.