రందాకు కట్టిన ఎర్ర దారం

కర్ర చెక్కే కరెంటు రందా మీట వదిలిన వెంటనే ఆగదు. లోపల బ్లేళ్లు బిగించిన రోలరు ఇంకా తిరుగుతూ, గొంతు తగ్గించుకుంటూ, సన్నగా కూసి కూసి ఆగుతుంది. ఈ ఉదయం బిలాస్‌పూర్ సర్కండాలో నా షాపు ముందు కూర్చుని టీ తాగుతుంటే లోపల మావాళ్లెవరో మిషన్ ఆపారు. చెక్కిన సాలు కర్ర ఘాటు వాసనతో పాటు ఆ చప్పుడు బయటికొచ్చింది. నా పెదవులు వాటంతటవే కదిలాయి. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దగ్గర చప్పుడు ఆగింది. ఈ తొమ్మిది అంకెలు లెక్కపెట్టడం నాకు నేర్పినవాడు తవిటయ్య మావ. ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాస్తే నా గురించి కూడా రాయాల్సి వస్తుందని ప్రతిసారీ లేచిపోయాను.

ఆంధ్రాలో చిత్రిక అంటారు, మా బిలాస్‌పూర్‌లో రందా అంటాం. తవిటయ్య మావ రైల్వే క్యారేజి షెడ్డులో ముప్పయ్యేళ్లకు పైగా వడ్రంగి. పెట్టెల్లో చెక్క బెర్తులు ఉన్న కాలం నుంచి పనిచేశాడు. మా నాన్నదీ ఆయనదీ విజయనగరం వైపు పక్కపక్క ఊళ్లు, ఇక్కడ పక్కపక్క క్వార్టర్లు, అంతే చుట్టరికం. రిటైరయ్యాక తిఫ్రాలో లారీ గ్యారేజీల వెనక ఒక రేకుల షెడ్డు వేసుకుని తలుపులూ మంచాలూ చేసేవాడు. స్టేషన్లో నా కాంట్రాక్టు పని పోయి, పెళ్లాన్నీ పసిపిల్లనీ ఇంట్లో పెట్టుకుని దిక్కు తోచకుండా తిరుగుతున్న రోజుల్లో ఆయనే పిలిచాడు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఉలి ఎటు పట్టుకోవాలో తెలియదు గానీ పొగరుకి మాత్రం లోటు లేదు.

మొదటిరోజు మెడలో తువ్వాలు వేసుకుని, కొత్త చేతితొడుగులు కొనుక్కుని దర్జాగా వెళ్లాను. జాగ్రత్తపరుడినని మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు.

"ఏటిరా సత్తిబాబూ, పెళ్లికెల్తన్నావేటి? ముందా తువ్వాలు తీసి మేక్కి తగిలించు. ఆ తొడుగులు కర్రలు మోసినప్పుడు ఏసుకో. తిరిగే మిషన్ కాడ వొంటి మీద యేలాడే గుడ్డ ఉండకూడదు. అది గుడ్డని ఒగ్గదు. గుడ్డ యెనకాల నిన్నూ ఒగ్గదు."

నెల్లాళ్లు మిషన్ ముట్టుకోనివ్వలేదు. పాత కర్రల్లోంచి మేకులు ఏరించాడు. కనపడని మేకు మీద బ్లేడు పడితే ముక్క ఎగిరి కంట్లోకి వస్తుందని అరచేత్తో తడిమి చూడమనేవాడు, ఆ తర్వాత అయస్కాంతం పెట్టి మళ్లీ చూడమనేవాడు. నాకు చిర్రెత్తుకొచ్చేది. పక్క షెడ్లలో నా తర్వాత చేరినవాళ్లు అప్పుడే దర్వాజాలు చెక్కేస్తుంటే నేనింకా పొట్టు ఊడుస్తున్నాను. చివరికి ఒకరోజు రందా నా చేతిలో పెట్టాడు, ప్లగ్గు మాత్రం తన జేబులో ఉంచుకుని.

"నొక్కు" అన్నాడు.

"కరెంటు లేదు కదా మావా?"

"అందుకే నొక్కమన్నాను. నొక్కి ఒగ్గు. మీట తిరిగి బయటికొచ్చిందా?"

"వచ్చింది."

"అచ్ఛా. ఇప్పుడు ప్లగ్గు ఎట్టు. రోజూ ఇంతే. మిషన్ నిన్న మంచిదే, ఇయాల మంచిదో కాదో నీకేటి తెలుసు? పొట్టు ఇరుక్కుంటాది, స్ప్రింగు పట్టీసుకుంటాది. మీట లోపలే ఉండిపోతే, నువ్వు గోడ కాడ స్విచ్చెయ్యగానే అది దానంతటదే లేచి నడుత్తాది."

ఆ తర్వాత తొమ్మిది లెక్క. మీట వదిలి, రోలరు పూర్తిగా ఆగేదాకా రెండు చేతులా పట్టుకుని, పైకి వినపడేలా లెక్కపెట్టాలి. అప్పుడే కింద పెట్టాలి. తిరుగుతున్న రందాని కర్ర మీద పెడితే బ్లేళ్లు కర్రను పట్టుకుని మిషన్ బండిలా ముందుకు ఉరుకుతుంది. ఆ షెడ్ల లైన్లో అందరూ మమ్మల్ని చూసి నవ్వేవారు, బడిపిల్లల్లా ఎక్కాలు చదువుతున్నారని. నవ్వినా, కొత్తవాడు ఎవడు చేరినా వాళ్ల యజమానులు ముందు ఆయన దగ్గరికే పంపేవారు. ముప్పయ్యేళ్లలో వొంటి మీద గీత పడని మనిషి. ఆయన మాటకున్న విలువంతా ఆ పది వేళ్లదే.

మా ఊళ్లో విశ్వకర్మ పూజ పెద్దది. షెడ్డు షెడ్డుకీ చేస్తారు. ఆరోజు పనిముట్లకు సెలవు. అన్నింటినీ తుడిచి, బొట్టు పెట్టి, కలావా అనే ఎర్ర దారం చుడతారు. ఆ దారాన్ని తెంపకూడదు, అదే తెగి పడిపోవాలి. ఇక్కడివాళ్ల ఆచారమే అయినా మా రైల్వే తెలుగువాళ్లకు ఎప్పుడో సొంతమైపోయింది. ప్రతి ఏడూ మావే స్వయంగా దారాలు కట్టేవాడు, మిషన్లకు మాత్రం ప్లగ్గు దగ్గర తీగకు ఒకే ఒక్క ముడి వేసేవాడు. ఎందుకలా అని నేనడగలేదు. నేను చేరిన మూడో ఏడు ఆయనకు జ్వరం. "నువ్వు కట్టీరా" అన్నాడు.

నాకు గర్వం ముంచుకొచ్చింది. ఆ రందా నా ఇంటికి అన్నం పెట్టింది. తీగకు ఒక్క ముడి వేయడం పిసినారితనంలా తోచింది. పట్టుకునే పిడి చుట్టూ, దారం ఉండ అయిపోయేదాకా బిగించి బిగించి చుట్టాను. పిడి ఎర్రగా నిండుగా కనిపించింది. కళ్లకద్దుకున్నాను. పిడి లోపలివైపు ఉండే మీట ఆ చుట్ల కింద నొక్కుకుపోయి ఉందని చూడలేదు. భక్తితో చేసిన పని కదా, తప్పు ఉంటుందని అనుకోలేదు.

మర్నాడు ఉదయం జ్వరం తగ్గి మావ వచ్చాడు. రైల్వే కాలనీలో ఒకరింటి తలుపుకి సాలు పలక చెక్కాలి. పలకను బల్ల మీద పడుకోబెట్టాం. రందా పలక మీదే నా వైపు పెట్టి ఉంది. ఆయన అవతలి కొసన వంగి బిగింపు సరిచేస్తున్నాడు. నేను ప్లగ్గు పెట్టాను. మీట నొక్కి చూడలేదు. రెండేళ్లుగా రోజూ చూస్తున్నాను, ఎప్పుడూ మీట ఇరుక్కోలేదు, ఆ ఒక్కరోజే చూడలేదు. పైగా పూజ చేసిన మిషన్. గోడ దగ్గర స్విచ్చు వేశాను.

అది అరుస్తూ పలక మీద ఉరికింది. ఎటు ఉరికిందంటే నేరుగా ఆయన ముఖం మీదికి. ఆయన తల ఎత్తి, కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. నేను స్విచ్చు ఆపాను. ఆపిన తర్వాత కూడా అది తిరిగింది. తొమ్మిది అంకెలు అంటే ఎంతసేపో నాకు అప్పుడు తెలిసింది. చూపుడు వేలూ మధ్యవేలూ మొదలంటా పోయాయి, బొటనవేలు సగం పోయింది. తెల్లటి పొట్టు ఎర్రగా తడిసి ముద్దలైంది. ఆయన మోకాళ్ల మీద కూలబడి, రందా పిడి వైపు చూశాడు. దారం చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నేను ఈపాటికి ఎలాగో తేరుకునేవాణ్ణి.

ఆటోలో నా తువ్వాలే చేతికి చుట్టి ఒడిలో పెట్టుకున్నాను. ఆయన పళ్లు బిగించి మాట్లాడాడు.

"తిరిగెల్లి ఆ దారం కోసీసి పొయ్యిలో పడీ. నానే మిషన్ ఆగకముందు సెయ్యెట్టీసినానని సెప్తాను. నువ్వు నోరిప్పకు."

"మావా, తప్పు నాది."

"తెలుసురా. నువ్వే సేసినావని తెలిత్తే ఈ తిఫ్రాలో నీ సేతికి మిషన్ ఎవుడిత్తాడు? నాకు పింఛనుంది. నీకేటుంది?"

ఆస్పత్రిలో డాక్టరుకి అలాగే చెప్పాడు. "ఇంత వయసొచ్చి ఇదేం పని బాబా" అని డాక్టరు హిందీలో విసుక్కుంటే తల వంచుకున్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. నా నోరు నేను మూసుకున్నాను. ఆయన మూయించాడని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే ఆటోలో ఆయన ఆ మాట అన్నప్పుడు నా గుండెలో మొదట కలిగింది ఊరట. ఇది రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

ఆ తర్వాత లైన్లో ఎవరూ కొత్తవాళ్లను ఆయన దగ్గరికి పంపలేదు. రూల్సు చెప్పే మనిషికే వేళ్లు లేకపోతే రూల్సు ఎవడు వింటాడు? "ఉస్తాద్ తొమ్మిది లెక్కపెట్టాడు, ఏడున్నర మిగిలాయి" అని ఒకడు నవ్వితే పదిమంది నవ్వారు. ఆయన విననట్టు వెళ్లిపోయేవాడు. ఇంట్లో ఆయన భార్య పైడమ్మ అత్తది ఇంకో తీరు. ఎడంచేత్తో అన్నం కలుపుకోలేక మెతుకులు జారిపోతుంటే కళ్లనీళ్లు తుడుచుకుంటూనే తిట్టేది.

"ఊరందరికీ జాగర్త జాగర్త అని సెప్పినావు. నీ సెయ్యి నువ్వు సూసుకోలేకపోనావు. ముసిలోడికి అంత తొందరేటొచ్చింది?"

"వచ్చీసింది, ఏటి సేత్తాను" అనేవాడు. ఎదురుగా నేను, ఆవిడ వడ్డించిన కంచం ముందు. చేపల పులుసు కలుపుకుని తినేవాణ్ణి. ఒకటి కాదు రెండు కాదు, నాలుగేళ్లు ఆ మాటలు విన్నాను. ఎడంచేత్తో గీతలు గీస్తూనే ఆయన నాకు తలుపులు, కిటికీలు, అల్మారాలు నేర్పాడు. దారం మాట మళ్లీ ఎత్తలేదు. ఒకసారి నేనే ఎత్తాను, అత్తకైనా చెప్పేస్తానని.

"ఇప్పుడు సెప్తే యేళ్లు మొలుత్తాయేటి? బస్, పని సూడు" అన్నాడు.

ఒక వానాకాలం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయన చేతిని చివరిసారి పట్టుకున్నది నేనే. ఏడాది గడిచాక, సంవత్సరీకం మర్నాడు పైడమ్మ అత్త దగ్గరికి వెళ్లాను. ఆవిడ వసారాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. దారం దగ్గర్నుంచి ఆటోలో మాటల దాకా అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"నాలుగేళ్లు నాను ఆయన్ని ఎన్నెన్ని మాటలన్నానో నీకు తెలుసు. నువ్వు నా సేతి కూడు తింటా ఎదురుగా కూకుని యిన్నావు."

"అత్తా..."

"ఆయన తిని కూకున్నాడు ఆ మాటలన్నీ. నానిప్పుడు అయి ఎవులి కాడ ఎనక్కి తీసుకుంటాన్రా?"

లేచి వస్తుంటే గుమ్మం దగ్గర ఆపింది.

"ఆయన పేరు బాగుసెయ్యి. నీ కాడికి ఎవులొచ్చినా సెప్పు. దాసకుండా నీ పేరెట్టి సెప్పు. అప్పటిదాకా ఈ గుమ్మం తొక్కకు."

తిఫ్రా వెళ్లాను. ఆ లైన్లో ప్రతి షెడ్డులోనూ నిలబడి చెప్పాను. కొందరు ఉమ్మేశారు, కొందరు నాకిచ్చిన పని వెనక్కి తీసుకున్నారు, ఎక్కువమంది మళ్లీ పనిలో పడ్డారు. ఆయనను చూసి నవ్వినవాడు మాత్రం తల దించుకున్నాడు. అత్త గుమ్మం తెరిచే ఉంది, వెళుతుంటాను. ఆవిడ అన్నం పెడుతుంది, మాట్లాడదు.

ఇందాక టీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లాను. ఈరోజే చేరినవాడొకడు, బిల్హా నుంచి లోకల్ రైలు పట్టుకుని వచ్చాడు, ఇద్దరు పిల్లల తండ్రి. రందా వాడి చేతిలో పెట్టాను, ప్లగ్గు నా జేబులో ఉంచుకుని. నొక్కి వదలమన్నాను. మీట బయటికొచ్చింది. ఎందుకు ఉస్తాద్ అని అడిగాడు. నా కుడిచెయ్యి చాచి వాడికి చూపించాను. ఐదు వేళ్లూ ఉన్నాయి.

"తవిటయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయన ఏనాడూ తప్పు చెయ్యలేదు. దారం కట్టింది నేను" అని మొదలుపెట్టాను.